దోబ్రిన్ గెలిచిన ఆదివారాలు

రూసె ఊళ్ళో రైల్వే స్టేషను వెనకున్న పాత కాంక్రీటు అపార్ట్‌మెంట్లలో, అయిదో అంతస్తులో కాపురముండే యావర్‌కి ఒకే ఒక్క గర్వం ఉండేది. ఆరేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని పోకర్ టోర్నమెంట్లు ఆడుతున్నా అతని ఆట సొమ్ము ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. ఆ ఊళ్ళో పేకముక్క పట్టినవాళ్ళలో ఈ మాట చెప్పుకోగలిగినవాడు మరొకడు లేడు. ఒకడు కారు అమ్ముకున్నాడు. ఒకడు మామగారి చేత ద్రాక్షతోట అమ్మించాడు. ఇంకొకడు జర్మనీ పోయి గోడలకు రంగులు వేసుకుంటున్నాడు. యావర్ మాత్రం తన కుర్చీలో తను కూర్చునే ఉన్నాడు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఒక టోర్నమెంటుకి వేలమంది రుసుము కట్టి కూర్చుంటారు, పెద్ద డబ్బు పైనున్న నలుగురైదుగురికే దక్కుతుంది. ఎంత గట్టి ఆటగాడైనా నెలల తరబడి ఓడుతూ ఉంటాడు, ఎప్పుడో ఒకసారి గెలుస్తాడు. ఆ ఒక్కసారి వచ్చేదాకా చేతిలో సొమ్ము మిగిలుండాలి. అందుకని యావర్ తన దగ్గరున్న మొత్తంలో నూరో వంతు దాటి ఏ ఒక్క ఆటకీ కట్టేవాడు కాదు. సొమ్ము పెరిగితే కాస్త పెద్ద ఆట, తరిగితే చిన్న ఆట. సిగ్గుపడకుండా కిందికి దిగడం చేతనైనవాడే ఆటగాడని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని భోజనాల దగ్గర భార్యకి చెబుతుండేవాడు. స్నెజానా మందుల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసి వచ్చి, రొట్టె తుంచుకుంటూ వింటుండేది. ఆమెకి పేకాట రాదు గాని ఆ నియమాలన్నీ కంఠతా వచ్చేశాయి.

యావర్ రేవు ఆఫీసులో గుమాస్తాగిరీ మానేసిననాడే భార్యాభర్తలు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆట సొమ్ము అయిదు వేల డాలర్లకి దిగువకు జారిందంటే ఆ రోజుతో ఆట బంద్. యావర్ వెళ్ళి స్నెజానా అన్నగారి ధాన్యం గోదాములో లెక్కలు చూసుకోవాలి. ఆ బావగారంటే యావర్‌కి ఒళ్ళు మంట. కనిపించినప్పుడల్లా "ఏం బావా, ఇంకా ఆడుకుంటున్నావా?" అని చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడుగుతాడు. ఆయన దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం కన్నా యావర్‌కి లోకంలో పెద్ద అవమానం లేదు. ఆ అవమానం రాకుండా ఆరేళ్ళు కాపాడుకుంటూ వచ్చాడు. సొమ్ము పదకొండు వేలకి చేరింది.

అప్పుడు దోబ్రిన్ తిరిగొచ్చాడు.

దోబ్రిన్ యావర్ పెళ్ళిలో పక్కన నిలబడి కొవ్వొత్తి పట్టినవాడు. అలాంటివాణ్ణి కూమ్ అంటారు, ఎదురుగా పిలిచేటప్పుడు కూమె అంటారు, తోబుట్టువు కన్నా ఒక మెట్టు ఎక్కువగానే చూసుకుంటారు. తొమ్మిదేళ్ళు వియన్నాలో స్నానాలగదులకి టైల్స్ వేసి, నడుం పట్టేసి, ఊరు చేరుకున్నాడు. అక్కడినుంచి తెచ్చుకున్నది కొంచెం డబ్బు, ఒక చెడ్డ అలవాటు. అక్కడివాళ్ళలాగే అవునంటే తల పైకీ కిందికీ ఆడిస్తాడు. రూసెలో తల అలా ఎత్తి దించితే వద్దని అర్థం, అడ్డంగా ఊపితే సరేనని అర్థం. పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. కాఫీ కొట్టు మించో బాబాయి వచ్చి "ఇంకో కాఫీ తాగుతావురా?" అంటే దోబ్రిన్ తల ఆడించేవాడు, మించో బాబాయి ఖాళీ కప్పు తీసుకుపోయేవాడు. మనవాడు కాఫీ కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడు. కొట్టంతా పగలబడి నవ్వేది.

పేకాట అతనికి నేర్పింది యావరే. తన వంటగదిలో, తన బల్ల మీద, తన సూపు తాగిస్తూ నేర్పాడు. దోబ్రిన్ ఆట చప్పున పట్టుకున్నాడు. సొమ్ము కాపాడుకునే పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వేశాడు.

"నూరో వంతా? కూమె, అలా ఆడితే నేను నూట ఇరవై ఏళ్ళు బతకాలి. నా నడుం అంతదాకా ఆగదురా."

"ఆడు మరి నీ ఇష్టం. రెండు నెలల్లో నా దగ్గరికే వస్తావు అప్పుకి" అన్నాడు యావర్.

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కాస్త ఆశ కూడా ఉంది. దోబ్రిన్ రెండు నెలల్లో అప్పుకి రాలేదు. వసంతంలో ఒక ఆదివారం, తన దగ్గరున్నదాంట్లో మూడో వంతు తీసి ఒకే ఒక్క టోర్నమెంటుకి కట్టి, నలభై వేలు గెలిచాడు.

యావర్ ఆ ఆట మొదటినుంచి చివరిదాకా తెర మీద చూశాడు. దోబ్రిన్ ఆడిన ప్రతి తప్పూ అతనికి కనిపించింది. ఆ చేతి ముక్కలతో అంత పందెమా? అది పారేయాలి కదా! ఆ తెలివితక్కువ పందానికి సరిగ్గా కావలసిన ముక్క వచ్చి పడింది. మళ్ళీ తప్పు, మళ్ళీ ముక్క. చివరికి దోబ్రిన్ పేరు పైన వెలిగితే యావర్ ఫోన్ తీసి "శభాష్ కూమె!" అని అరిచాడు. ఫోన్ పెట్టేశాక కడుపులో మంట మొదలైంది. దాహం అనుకుని నీళ్ళు తాగాడు, తగ్గలేదు.

గెలిచినవాడు ఊరికి తాగించాలి, అది అక్కడి మర్యాద. దోబ్రిన్ మించో బాబాయి కొట్టు మొత్తానికి రకియా అనే పళ్ళ సారా పోయించాడు. గ్లాసు పైకెత్తి, యావర్ భుజం మీద చేయి వేసి, "వీడే నా గురువు. వీడు లేకపోతే నేను లేను" అన్నాడు. నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి.

మించో బాబాయి ఊరుకుంటాడా? "గురువుగారూ, తమకెంత వచ్చింది ఈ నెల?" అన్నాడు.

ముప్పై నాలుగు డాలర్లు వచ్చాయి. యావర్ నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు. ఆ రకియా మంచిదే, ఖరీదైనదే. అయినా రుచి తెలియలేదు.

ఆనాటి నుంచి అతని ఆదివారాలు మారిపోయాయి. తెర మీద ఒక పక్క తన చిన్న చిన్న ఆటలు, ఇంకో పక్క దోబ్రిన్ ఆడుతున్న బల్ల. తన ముక్కల కన్నా వాడి ముక్కలే ఎక్కువ చూసేవాడు. వాడు పందెంలోకి మొత్తం తోసినప్పుడల్లా ఇతని పెదాలు కదిలేవి. పోవాలి, పోవాలి, ఈసారి పోవాలి. ఒక్కోసారి పోయేవాడు కూడా. అప్పుడు యావర్ ప్రాణం హాయిగా ఉండేది, ఆ పూట భోజనం రుచించేది. "పాపం దోబ్రిన్" అని భార్యతో జాలిగా చెప్పేవాడు. జూన్‌లో దోబ్రిన్ మళ్ళీ గెలిచాడు. తల్లికి వంటగది కొత్తగా కట్టించాడు. ఎర్ర కారు కొన్నాడు. ఆ కారుని తీసుకొచ్చి సరిగ్గా యావర్ బాల్కనీ కిందే ఆపేవాడు, పైకి చూసి హారన్ కొట్టేవాడు. ప్రేమతోనే కొట్టేవాడు, అదే యావర్‌ని కోసేసేది.

వాడొస్తే స్నెజానా నవ్వేది. యావర్ చెప్పే జోకులకి ఆమె ఎప్పుడు నవ్విందో అతనికి గుర్తులేదు. చెప్పడమే ఎప్పుడు మానేశాడో అదీ గుర్తులేదు. తప్పుడు ఊహలేమీ పోలేదు గాని, అసూయకి ఒకసారి గుమ్మం తీశాక అది ఒక్క గదిలోనే కూర్చోదు. వాడి డబ్బు చూసి ఏడ్చాడు, వాడి కారు చూసి ఏడ్చాడు, చివరికి తన వంటింట్లో తన భార్య వాడికి రెండో గరిటె సూపు వడ్డిస్తుంటే ఆ గరిటె చూసి కూడా ఏడ్చాడు.

అంత ఏడుపు కడుపులో పెట్టుకుని నూరో వంతు ఆటలు ఎవడాడగలడు? ముందు యాభయ్యో వంతు కట్టాడు. తర్వాత ఇరవయ్యో వంతు. నేను మాత్రం వాడికి తీసిపోయానా, వాడికన్నా నాకు ఆట వచ్చు కదా అనుకున్నాడు. ఆట వచ్చినమాట నిజమే. కానీ సొమ్ములో పెద్ద ముక్క బల్ల మీద ఉన్నప్పుడు ఆ వచ్చిన ఆట రాకుండా పోయేది. వేసవి అయ్యేసరికి పదకొండు వేలు ఆరు వేల చిల్లరకి వచ్చాయి. ఇంట్లో చెప్పలేదు. భోజనాల దగ్గర నియమాలు చెప్పడం కూడా మానేశాడు. స్నెజానా ఆ నిశ్శబ్దాన్ని గమనించింది, ఏమీ అడగలేదు.

సెప్టెంబరులో ఆ ఏటికల్లా పెద్ద టోర్నమెంటు వచ్చింది. రుసుము వెయ్యి డాలర్లు. ఆదివారం మొదలై, మిగిలినవాళ్ళకి సోమవారం సాయంత్రం ముగుస్తుంది. దోబ్రిన్ ఆడతాడని ఊరంతా అనుకుంది. యావర్ కూడా ఆడతానని ఎవరికీ చెప్పకుండా కట్టేశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం స్నెజానా బాల్కనీ గుమ్మంలో నిలబడి ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. సెప్టెంబరులో రూసెలో ఏ బాల్కనీ చూసినా అదే పని, ఊరంతా అదే కమ్మటి మాడువాసన. కాల్చిన కాయల తొక్క తీసి, టమాటాలతో ఉడికించి, చలికాలానికి పచ్చడి పెట్టుకుంటారు. యావర్ బల్ల దగ్గర ఆమెకి వీపు పెట్టి రొట్టె తింటున్నాడు. దోబ్రిన్ తలుపు తోసుకుని వచ్చాడు.

"స్నెజె, మీ మిరపకాయల వాసన వంతెన దాకా వస్తోంది. రెండు పెట్టు, వేడివి." వచ్చీరాగానే ఒకటి తీసుకుని వేళ్ళు కాల్చుకున్నాడు. "కూమె! ఇవాళ పేర్ల పట్టీలో నీ పేరు చూశాను. నువ్వేనా అని రెండుసార్లు చూశాను. వెయ్యి కట్టావా?"

"కట్టాను. కట్టకూడదా?"

"కట్టు, ఎవరొద్దన్నారు! నాకు నేర్పినవాడివి. ఎంతుంది నీ దగ్గర?"

"ఉంది."

"ఉంటే సరే." దోబ్రిన్ మిరపకాయ తొక్క తీశాడు. "మార్పిడి చేసుకుందామా మనిద్దరం? పదో వంతు."

ఆటగాళ్ళ మధ్య అదొక ఆచారం. నేను గెలిస్తే నా గెలుపులో పదో వంతు నీది, నువ్వు గెలిస్తే నీదాంట్లో పదో వంతు నాది. కాగితం ఉండదు, సాక్ష్యం ఉండదు. మాటైనా చాలు, తల ఊపినా చాలు. ఒప్పుకుని కాదన్నవాడి బల్ల దగ్గర ఆ తర్వాత ఎవరూ కూర్చోరు.

వీడు జాలిపడుతున్నాడు, అనిపించింది యావర్‌కి. నాకు అన్నం పెడదామని చూస్తున్నాడు. వీడి ఎంగిలి పదో వంతు నాకెందుకు? పైగా నేను గెలిచే రోజు ఇదైతే అందులో వీడికి పదో వంతు ఇవ్వాలా? నోట్లో రొట్టె ఉంది. మాట్లాడకుండా తల ఎత్తి, దించాడు. వద్దు.

దోబ్రిన్ ఒక్క క్షణం చూశాడు. "సరే, అయిపోయింది" అన్నాడు. ఇంకో మిరపకాయ కాగితంలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆట మొదలైన గంటకే యావర్ ఓడిపోయాడు. ఒకసారి ఓడినవాడు మళ్ళీ రుసుము కట్టి మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు. కట్టకూడదని తెలుసు. కడితే అయిదు వేల గీత కింద పడతానని కూడా తెలుసు. కానీ పక్కన దోబ్రిన్ బల్లలో వాడి ముందు గుట్ట పెరుగుతోంది. కట్టాడు. అరగంటలో అదీ పోయింది. నాలుగు వేల చిల్లర మిగిలింది. కుర్చీ పోయింది, ధాన్యం గోదాము వచ్చింది.

స్నెజానాకి చెప్పాలి. సోమవారం సాయంత్రం ఆట ముగిశాక చెబుదాములే అనుకున్నాడు. ఎందుకంటే దోబ్రిన్ చివరి బల్లకి చేరాడు. వాడు కూడా ఓడితే, అందరం ఓడాం అని చెప్పుకోవచ్చు. తొమ్మిదిమందిలో ఒక్కొక్కరే రాలిపోతుంటే యావర్ పళ్ళు బిగించి చూశాడు. దోబ్రిన్ రాలలేదు. రెండోవాడిగా నిలిచాడు. అరవై రెండు వేలు.

మంగళవారం సాయంత్రం, నోరు తెరిచి భార్యకి చెప్పబోతుండగా కింద హారన్ మోగింది. దోబ్రిన్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి యావర్‌ని కావలించుకున్నాడు.

"పంపాను, చూశావా? మీ వాటా. ఆరువేల రెండొందలు."

యావర్ నోటిదాకా వచ్చింది, ఏం వాటా అని. అంతలో ఆదివారం నాటి తల ఊపు గుర్తొచ్చింది. వియన్నా! ఈ గాడిద తొమ్మిదేళ్ళు అక్కడ ఉండి, ఎత్తి దించితే అవునని నేర్చుకున్నాడు. నేను వద్దన్నాను, వీడు సరేననుకున్నాడు.

ఒక్క మాట చాలు, నేను వద్దన్నాను రా అని. ఆ మాట అంటే కుర్చీ పోతుంది. బావగారి ముందు నిలబడాలి. అనకపోతే సొమ్ము మళ్ళీ పదివేలు, భార్యకి చెప్పవలసినదేమీ లేదు. స్నెజానా పక్కనే సూపు వడ్డిస్తోంది. ఆమె వైపు చూడలేదు.

"అవునవును, మరిచేపోయాను. సంతోషం కూమె" అన్నాడు.

దోబ్రిన్ వెళ్ళి మించో బాబాయి కొట్టులో ఈ సంగతి చాటేశాడు. నాలుగు రోజుల తర్వాత యావర్ అక్కడికి వెళ్తే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. "లెక్కల మనిషంటే వీడురా! ఓడిపోతూ కూడా గెలిచాడు" అన్నాడు మించో బాబాయి. దోబ్రిన్ అందరికన్నా గట్టిగా కొట్టాడు చప్పట్లు. ఇన్నాళ్ళూ వాడి డబ్బు చూసి కుళ్ళుకున్నవాడికి ఇప్పుడు వాడి మంచితనం చూసి కుళ్ళుకోవలసి వచ్చింది. డబ్బైతే ఎప్పటికైనా నేనూ గెలుస్తాననుకోవచ్చు. ఇలా మనసారా చప్పట్లు కొట్టడం తన వల్ల అయ్యేపని కాదని యావర్‌కి తెలుసు. కాఫీ వదిలేసి ఇంటికొచ్చాడు.

స్నెజానా పచ్చడి సీసాల్లో నింపుతోంది. అతను బల్ల దగ్గర కూలబడ్డాడు.

"ఆ డబ్బు నాది కాదు. నేను వద్దన్నాను ఆ రోజు."

"తెలుసు" అంది స్నెజానా. "చూశాను."

"వాడు తప్పుగా చూశాడు. వియన్నా అలవాటు. నేను నోరు మూసుకుని తీసుకున్నాను."

"వాడేం తప్పుగా చూడలేదు. చిన్నప్పటినుంచీ నీ తల ఊపు చూస్తున్నాడు, ఆమాత్రం తెలీదా? నువ్వు వద్దన్నావు. నీ వెనకాల నేను సరేనన్నాను." గరిటె చేతిలో ఉండగానే తల అడ్డంగా ఊపి చూపించింది. "వాడు నావైపు చూసి, సరే అయిపోయింది అన్నాడు."

యావర్ వెనక్కి తిరిగి బాల్కనీ గుమ్మం వైపు చూశాడు.

"నీకెందుకు ఈ మార్పిడి? పేకముక్క పట్టుకోవడం రాదు నీకు!"

"పట్టుకోవడం రాదు. అంతా ఒకేచోట పెట్టకూడదని ఆరేళ్ళు అన్నం తింటూ చెప్పావు కదా, అది వచ్చు. ఈ వేసవిలో చెప్పడం మానేశావు. నెల నుంచి నీ ముఖం చూస్తున్నాను. ఆ రోజు నువ్వు పేకాటకి కూర్చోలేదు, దోబ్రిన్ మీద ఏడవడానికి కూర్చున్నావు. అలా కూర్చున్నవాడు గెలుస్తాడా?"

"అంటే ఆ ఆరువేలు..."

"నావి. మార్పిడి చేసింది నేను. కిటికీలు మార్పిస్తాను, చలికాలం వస్తోంది." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ దగ్గర మిగిలింది ఎంత?"

"నాలుగు వేల చిల్లర."

"అయితే అన్నయ్యకి ఫోన్ చేస్తాను. సోమవారం నుంచి రమ్మంటాడు."

గోదాము మాట అతనికి సరిగ్గా వినపడనే లేదు. అతన్ని దహిస్తున్నది ఇంకొకటి. బాల్కనీ గుమ్మంలో, తన వీపు వెనక, తన భార్య దోబ్రిన్ కళ్ళలోకి చూసి తల ఊపిన ఆ క్షణం అతని కళ్ళ ముందే నిలబడింది. అన్నీ వాడికే. ఇది కూడానా?

"నా పెళ్ళానివై ఉండి వాడి మీద పెట్టావు" అన్నాడు.

స్నెజానా సీసా మూత బిగించడం ఆపి మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"పదో వంతు పెట్టాను వాడి మీద. మిగతా తొమ్మిది వంతులూ నీ మీదే పెట్టాను, యావర్. అవే పోయాయి."